ఒకే పని, ఒకే పేరు

చిదంబరం బల్ల మీద ఫోన్ మోగిందంటే ఎవరో నంబరు తప్పు నొక్కారన్నమాట. రాష్ట్ర చిన్నయంత్రాల సంస్థలో అతను పత్రరచన విభాగానికి అధికారి. ఆ విభాగంలో అతను తప్ప ఇంకెవరూ లేరు కనుక సిబ్బంది కూడా అతనే. ఆ మధ్యాహ్నం కూడా క్యాంటీను నంబరు ఇది కాదని చెప్పడానికి సిద్ధపడే రిసీవరు ఎత్తాడు.

"చిట్టి పుస్తకం రాసిన చిదంబరం గారేనాండీ?" అంది అవతల ఓ ఆడగొంతు.

ఆ పుస్తకం అచ్చయి ఏళ్లు గడిచాయి. దాన్ని చదివిన మనిషి ఎక్కడైనా ఉండవచ్చునన్న ఊహను అతను చాలాకాలం కిందటే, నొప్పి తెలియకుండా, లోపల ఎక్కడో పాతిపెట్టేశాడు.

చిట్టి అంటే సంస్థ తయారుచేసిన ఓ బుల్లి భాష. మోటారు స్టార్టరులో, వీధిదీపంలో, లిఫ్టులో గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. దానితో మాట్లాడటానికి ఆ భాష. అందులో ఒక్కో పనికి ఒక్కో మాడ్యూలు ఉంటుంది. వెలిగించడానికి ఒకటి, ఆర్పడానికి ఒకటి, కాసేపు కదలకుండా నిలబెట్టడానికి ఒకటి. పేరుపెట్టి పిలిస్తే వస్తుంది, పేరు తప్పితే రాదు. ఆ పేర్లన్నీ చెప్పే పుస్తకాన్ని ముగ్గురు రాశారు. మొదటి అధ్యాయాలు రిటైరైన వీరభద్రయ్య గారివి. మధ్యవి చిదంబరానివి. చివరివి రాసిన ఆవిడ డిప్యుటేషన్ మీద వెళ్లి తిరిగి రాలేదు. ముగ్గురిలో ఒక్కరూ యంత్రాన్ని చూడలేదు. యంత్రాలుండే వెనక భవనంలోకి పత్రరచన విభాగానికి ప్రవేశం లేదు. చూసినవాడు చూసిందే రాస్తాడు గాని ఆమోదించింది రాయడని సంస్థ పెట్టినప్పుడే ఎవరో పెద్దమనిషి నిబంధన పెట్టి వెళ్లాడు.

ఫోన్ చేసినామె పేరు కమలకుమారి. తెనాలి పక్కన ఓ ఐటీఐలో ఇన్‌స్ట్రక్టరు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు పేలిపోతుంది కదా, అందుకని మోటారు కాసేపు ఆగి లేచేలా చిట్టిలో రాయడం వాళ్ల పిల్లలకు పాఠం. ఆ ఆపే మాడ్యూలును పుస్తకంలో రెండో అధ్యాయం 'ఆగు' అంది. ఏడో అధ్యాయం 'విరామం' అంది. పదకొండో అధ్యాయం 'నిదానం' అంది.

"మూడూ ఒకటేనా సార్? ఒకటే అయితే యంత్రం ఏ పేరుకి పలుకుతుంది? మాకు పుస్తకం వచ్చింది గాని కిట్లు రాలేదు. పరీక్ష నాడే ఇస్తారట. ఆ రోజు నా పిల్లలు తప్పు పేరు రాశారంటే ఏడాది పోతుంది."

ఏ పేరో చిదంబరానికి తెలియదు. ఏడో అధ్యాయం తనదే కాబట్టి 'విరామం' అయితే బాగుండునని మాత్రం అనుకున్నాడు. కనుక్కుని చెబుతానన్నాడు. ఫోన్ పెట్టేశాడు. తప్పు పట్టుబడినందుకు సిగ్గు కలగాలి. కలగలేదు. ఆమె పదకొండో అధ్యాయం దాకా చదివింది. దారీ తెన్నూ లేని చోట వెళుతుంటే పొద మాటున ఎవరో దగ్గినట్టు, బెదురూ ధైర్యమూ ఒకేసారి కలిగాయి అతనికి.

మర్నాడే పైకి ఓ నోట్ పెట్టాడు. రెండే వాక్యాలు. పుస్తకమంతటా ఒకే పనికి ఒకే పేరు ఉండాలి, ఏ పేరు ఉండాలో యంత్రాన్ని చూసి తేల్చాలి.

ఆ నోట్ జాయింట్ డైరెక్టరు ముక్తేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఏ కాగితాన్నైనా సగానికి కుదించి గాని పైకి పంపరు. పైవారి కాలం విలువైనదని ఆయన నమ్మకం. రెండు వాక్యాల్లో సగం ఒక వాక్యం. అలా డైరెక్టరు పరాంకుశం గారి బల్ల మీదికి 'ఒకే పనికి ఒకే పేరు ఉండాలి' అన్నది మాత్రమే చేరింది.

పరాంకుశం గారు అప్పటికి కొన్ని వారాలుగా ఓ ఆశయం కోసం వెతుక్కుంటున్నారు. ఆ వాక్యం చదివి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారట. సాయంత్రానికల్లా నామ ఏకరూపతా సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆయన, కార్యదర్శి ముక్తేశ్వరరావు గారు, ప్రత్యేక ఆహ్వానితుడు చిదంబరం.

మొదటి సమావేశంలో మూడు పేర్లూ పరిశీలనకు వచ్చాయి. ఏ ఒక్కటి ఎంచుకున్నా తక్కిన రెండింటికీ అన్యాయం చేసినట్టవుతుందని ముక్తేశ్వరరావు గారు అభిప్రాయపడ్డారు. పైగా మూడూ మరీ అందరికీ అర్థమయ్యేలా ఉన్నాయనీ, సంస్థ హుందాతనానికి తగవనీ డైరెక్టరు గారన్నారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత కొత్త పేరు పుట్టింది. 'కాలవ్యవధాన సంధాయకం.' అందరూ బల్ల మీద మెల్లగా చరిచారు.

చిదంబరం లేచి, ఆ పేరుతో పిలిస్తే యంత్రం పలుకుతుందో లేదో ఒకసారి చూస్తే బాగుంటుందేమోనన్నాడు.

ముక్తేశ్వరరావు గారు జాలిగా చూశారు. "చిదంబరం గారూ, సంఘం ఏర్పడింది పత్రాల నిమిత్తం. యంత్రం అభిప్రాయం మన పరిధిలోకి రాదండీ."

చిదంబరం కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతనిలో ఓ మూల ఆ మాటకు సంతోషించింది కూడా. యంత్రాన్ని చూస్తే 'విరామం' తప్పని తేలవచ్చు. చూడకపోతే ఎవరి తప్పూ తేలదు. తన మనసు ఇంత తేలిగ్గా ముక్తేశ్వరరావు గారి పక్కన వెళ్లి నిలబడటం చూసి అతనికే కాస్త ఆశ్చర్యం వేసింది.

మూడు పేర్లు పుస్తకం నుంచి తొలగాయి. వాటిని కార్యాలయంలో ఉచ్చరించడం కూడా క్రమశిక్షణకు విరుద్ధమని సర్క్యులరు వచ్చింది. పని అక్కడితో ఆగితే అది మామూలు సంఘమయ్యేది. పరాంకుశం గారిది మామూలు బుర్ర కాదు. రెండో సమావేశంలో ఆయన ఓ మౌలికమైన ప్రశ్న వేశారు. నియమం పుస్తకానిదా, పనిదా? పనిదే అయితే, మనిషిని కాసేపు కదలకుండా నిలబెట్టే పని ఈ భవనంలో ఇంకెవరు చేస్తున్నారు?

లెక్క తీశారు. గుమ్మం దగ్గర బెంచీ ఆ పని చేస్తోంది. అకౌంట్సు కిటికీ చేస్తోంది. క్యాంటీను కూపన్ల బల్ల చేస్తోంది. డైరెక్టరు గారి గది ముందున్న చిన్న గది అన్నిటికన్నా సమర్థంగా చేస్తోంది. వారం తిరిగేసరికి నాలుగు చోట్లా నీలం రంగు మీద తెల్లక్షరాలతో 'కాలవ్యవధాన సంధాయకం' అని బోర్డులు వెలిశాయి. పనిమీద వచ్చిన ఓ రైతును గుమ్మం దగ్గర, కాలవ్యవధాన సంధాయకంలో కూర్చోమన్నారు. ఆయన నాలుగింటిలోనూ ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. తప్పు చోట కూర్చున్నాడని ఎవరూ అనలేకపోయారు. సంఘం దీన్ని మొదటి విజయంగా రాసుకుంది.

తర్వాత వంతు మనుషులది. సంస్థలో ఇద్దరు అసిస్టెంటు డైరెక్టర్లున్నారు. ఫైలు మీద 'చూశాను' అని రాయడం ఇద్దరి పనీ. కనుక ఇద్దరికీ 'వీక్షకం' అని పేరు పెట్టారు. వాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఒకరి కోసం తెచ్చిన టీ ఇంకొకరు తాగడం మొదలైంది. ఒకరికి ఇచ్చిన సంజాయిషీ నోటీసుకు రెండోవారు జవాబు రాశారు. అది ఎంత బాగుందంటే మొదటివారి మీద చర్య మానుకున్నారు. దాంతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. డైరెక్టరు గారు దాన్ని కూడా విజయంగా రాయించారు.

డైరెక్టరు పని చేసేవారు సంస్థలో ఇంకెవరూ లేరు కాబట్టి ఆయన పేరు ఆయనకే ఉండిపోయింది. చిదంబరం ఆయన్ని గమనిస్తూ ఉండేవాడు. కొత్త బోర్డు బిగించినప్పుడల్లా ఆయన ముఖంలో ఓ ప్రశాంతత కనిపించేది. అది చిదంబరానికి తెలియని ప్రశాంతత కాదు. ఒంటరిగా ఉండే గదిలో, నిద్ర పట్టని ఆదివారాల్లో, అతను కూడా అల్మారాలో చొక్కాలు రంగుల వారీగా సర్దుతాడు. లోపల ఏదో చెదురుతున్న మనిషికి బయట ఏదో ఒకటి వరసలో కనబడాలి. ఈయన లోపల ఏం చెదురుతోందోనని చిదంబరం అనుకునేవాడు. మోకాళ్ల నొప్పి తప్ప ఆయనకు బయటికి తెలిసిన బాధేమీ లేదు.

మూడో సమావేశంలో ముక్తేశ్వరరావు గారు ఉత్సాహంకొద్దీ ఓ అంశం లేవదీశారు. మనిషిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చేర్చే పనిని లిఫ్టూ చేస్తోంది, మెట్లూ చేస్తున్నాయి. రెండు పేర్లెందుకని. మోకాళ్లు తడుముకుంటూ డైరెక్టరు గారు ఆ అంశాన్ని లోతైన అధ్యయనం నిమిత్తం వాయిదా వేశారు.

ఈలోగా కమలకుమారి మళ్లీ ఫోన్ చేసింది. పరీక్ష దగ్గరపడింది. పిల్లలు మూడు పేర్లూ మూడు జట్లుగా పంచుకుని పందేలు వేసుకుంటున్నారట.

"ఒక జట్టన్నా పాసవుతుంది కదండీ," అంది నవ్వుతూ. ఆ నవ్వు అడుగున భయం ఉంది.

కొత్త పుస్తకం వస్తోందని చిదంబరం చెప్పాడు. అందులో ఒకటే పేరు ఉంటుందన్నాడు. అది సరైన పేరేనా అని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని అతను బెదురుతూనే ఉన్నాడు. పుస్తకంలో ఉండేది సరైనదేనని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఆ రాత్రంతా అతని గుండె మీద కూర్చుంది.

పుస్తకం వచ్చింది. ముద్దొచ్చేలా ఉంది. మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒక్క పేరు కూడా ఇంకో పేరుతో విభేదించదు. ఆవిష్కరణ సభ మూడో అంతస్తు హాల్లో. డైరెక్టరు గారికి ఓ ఆలోచన వచ్చింది. భవనంలోని లిఫ్టు కూడా చిట్టి మీదే నడుస్తుంది. దాని తలుపు పని కొత్త పుస్తకం చూసి అప్పటికప్పుడు తిరగరాయించి, ఆ లిఫ్టులోనే తాను సభకు వస్తే ఎలా ఉంటుంది? రాసే గౌరవం, పుస్తకం చదివినట్టు నమోదైన ఏకైక పాఠకురాలికి దక్కింది. కమలకుమారికి ఆహ్వానం వెళ్లింది.

ఆమె ముందే వచ్చింది. చిదంబరం ఊహించుకున్న మనిషి కాదు. పొట్టిగా, చురుగ్గా, భుజానికి బరువైన సంచితో ఉంది. మూడో అంతస్తులో లిఫ్టు పక్కన గోడకు బిగించిన పెట్టె తెరిచి, వైరు తగిలించి, కొత్త పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసింది. లిఫ్టు పైకి వచ్చి నిలవాలి, కుదుపు తగ్గేదాకా కాస్త ఆగాలి, అప్పుడు తలుపు తెరవాలి. ఆగే చోట 'కాలవ్యవధాన సంధాయకం' అని రాసింది. మధ్యలో ఓసారి తలెత్తి, "పేరు పొడుగైనా వినడానికి బాగుంది సార్," అంది.

ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు చిదంబరం. ముక్తేశ్వరరావు గారు పూలదండతో పక్కనే ఉన్నారు. చెప్పలేదు.

డైరెక్టరు గారు కింద లిఫ్టెక్కారు. అది చక్కగా పైకి వచ్చి మూడో అంతస్తులో నిలిచింది. సన్నాయి మొదలైంది. తలుపు తెరుచుకోలేదు. గోడ పెట్టె మీది బుల్లి తెరలో నాలుగు మాటలు వెలిగాయి. 'ఆ పేరుతో ఎవరూ లేరు.'

సన్నాయి ఇంకాసేపు వాయించి, పరిస్థితి గ్రహించి ఆగింది.

"ఏమైందయ్యా?" అంది తలుపు లోపలి నుంచి డైరెక్టరు గారి గొంతు.

పుస్తకంలో ఏ లోపమూ లేదనీ, యంత్రం సహకరించడం లేదనీ ముక్తేశ్వరరావు గారు విన్నవించారు. కమలకుమారి చిదంబరం వైపు తిరిగింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఆమెకు అర్థమైపోయింది. కోపం రావలసిన ముఖంలో కోపం రాలేదు. తన తరగతిలో దొరికిపోయిన కుర్రాడిని చూసినట్టు చూసింది, అంతే. అదే అతనికి ఎక్కువ నొప్పనిపించింది.

"పాత పేర్లు ప్రయత్నిద్దాం సార్," అన్నాడు చిదంబరం ముక్తేశ్వరరావు గారితో.

"అవి ఉపసంహరించుకున్న పేర్లు. సంఘం తీర్మానం లేకుండా వాడటం కుదరదు."

"అయితే తీర్మానం చెయ్యండయ్యా," అంది లోపలి గొంతు. "ఇక్కడ ఫ్యాను కూడా ఆగిపోయింది."

"తీర్మానానికి అధ్యక్షులు హాజరై ఉండాలండీ."

"నేను ఇక్కడే ఉన్నాను కదా."

ముక్తేశ్వరరావు గారు ఇబ్బందిగా దండను చేయి మార్చుకున్నారు. "చిత్తం. తమరు తలుపు అవతల ఉన్నారు. హాజరు అంటే కనబడటమని మనమే మొదటి సమావేశంలో నిర్వచించుకున్నాం. తమరి సూచనే అది."

ఈసారి లోపలి నుంచి వచ్చిన గొంతు డైరెక్టరు గారిది కానట్టుంది. చీకట్లో పక్క మీద లేచి కూర్చుని, ఇంట్లో ఎవరైనా మేలుకుని ఉన్నారా అని అడిగే మనిషి గొంతు అది. "ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యండి బాబూ."

ఆయన లోపల చెదిరేదేమిటో చిదంబరానికి అప్పుడు తెలిసింది. పెద్ద విషయమేం కాదు. తాను పిలిస్తే ఎవరూ పలకరేమోనన్న భయం. చిదంబరం ఏళ్ల తరబడి అదే భయంతో ఉద్యోగం చేస్తున్నాడు గనుక వెంటనే గుర్తుపట్టాడు.

"పాత పుస్తకం తెచ్చారామ్మా?" అని కమలకుమారిని అడిగాడు.

సంచిలోంచి తీసింది. అట్ట ఊడి, దారంతో కుట్టి ఉంది. "దీంట్లో మూడు పేర్లున్నాయి సార్, ఒకటైనా నిజం కాకపోదు. మీ కొత్తదాంట్లో ఒకటే ఉంది."

ముక్తేశ్వరరావు గారు ఏదో అనబోయారు. చిదంబరం మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. సంస్థలో చేరాక అతను ఒకరి దారికి అడ్డంగా నిలబడటం అదే మొదటిసారి.

ఆమె ముందు 'నిదానం' రాసింది. ఆ పేరుతో ఎవరూ లేరంది తెర. తర్వాత 'విరామం' రాసింది. చిదంబరం తెర వైపు చూడలేక ఆమె చేతుల వైపు చూశాడు. ఆ పేరుతో ఎవరూ లేరు. అతని లోపల ఏదో చిన్నది చప్పుడు లేకుండా రాలిపడింది. ఇంతకాలం ఏడో అధ్యాయం చదివిన వాడెవడైనా ఉంటే వాడిక్కూడా యంత్రం ఇదే జవాబు చెప్పి ఉంటుంది.

'ఆగు' అని రాసింది. లిఫ్టు ఓ క్షణం ఆగి, తలుపు తెరిచింది.

పరాంకుశం గారు చెమటతో తడిసి, తెల్లబోయిన ముఖంతో బయటికి వచ్చారు. చిదంబరం భుజం ఊతగా పట్టుకున్నారు. ఏదో అనబోయారు. ఈలోగా ముక్తేశ్వరరావు గారు ఆయన మెడలో దండ వేశారు, సన్నాయి మళ్లీ మొదలైంది. దండ పడగానే ముఖం మారిపోయింది. భుజం మీది చెయ్యి తీసేసి వేదికెక్కారు.

"ఈ రోజు ఒక విషయం రుజువైంది," అన్నారు. "మన పుస్తకంలో దోషం లేదు. ఎందుకంటే మన పుస్తకంలో పరస్పర విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. దోషం యంత్రంలో ఉంది. రద్దయిన పేరుకు పలికి అది క్రమశిక్షణ ఉల్లంఘించింది."

సంఘం అక్కడికక్కడే సమావేశమైంది. అధ్యక్షులు కనబడుతూనే ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. తన సరైన పేర్లు నేర్చుకునేదాకా లిఫ్టుకు తాళం వేయాలని తీర్మానించారు. లిఫ్టు లేని కార్యాలయమని అప్రతిష్ఠ రాకుండా, వాయిదాపడిన అంశాన్ని బయటికి తీశారు. రెండు రోజుల్లో మెట్ల దగ్గర 'లిఫ్టు' అని నీలం బోర్డు వెలిసింది. డైరెక్టరు గారు రోజూ మోకాళ్లు పట్టుకుంటూ మూడు అంతస్తులూ లిఫ్టులో ఎక్కుతున్నారు. ఆ ఏడాది వార్షిక నివేదికలో, సంస్థ లిఫ్టు ఒక్క రోజు కూడా చెడిపోలేదనీ, కరెంటు లేనప్పుడు సైతం నిరాటంకంగా పనిచేసిందనీ రాశారు. ఆ వాక్యం రాసింది చిదంబరమే. అబద్ధమని కొట్టెయ్యడానికి అందులో ఒక్క మాటా దొరకలేదు.

రద్దయిన పేర్లు వాడనిచ్చినందుకు చర్యగా అతని బల్లను 'లిఫ్టు' రెండో మలుపు దగ్గర, కిటికీ పక్కకు మార్చారు. ఎక్కేవాళ్లు దిగేవాళ్లు అక్కడ కాసేపు నిలబడి ఊపిరి తీసుకుంటారు. బయటివాళ్లెవరైనా నీలం బోర్డుల మధ్య దారి తప్పితే, ఎక్కడికి వెళ్లాలో మామూలు మాటల్లో చెబుతాడు. అది శిక్షని అతను మరచిపోతుంటాడు.

పరీక్ష నాటి మధ్యాహ్నం అక్కడికే ఫోన్ వచ్చింది. చిదంబరం గభాలున ఎత్తాడు.

"అందరూ పాసయ్యారు సార్," అంది కమలకుమారి. "'నిదానం' జట్టువాళ్లు మాత్రం ఇప్పటికీ మొహాలు మాడ్చుకునే ఉన్నారు. పందెం ఓడిపోయారు కదా."

చిదంబరం నవ్వాడు. ఓడిన 'విరామం' తనదేనని చెబుదామా అనుకుని, అక్కర్లేదనుకున్నాడు.

"కిట్లు ఇక మా దగ్గరే ఉంటాయి సార్. ఊరికే ఉండటమెందుకని ముందుకు వెళ్తున్నాం. పాత పుస్తకం పద్నాలుగో అధ్యాయంలో నీటిమట్టం చూసే మాడ్యూలుకి రెండు పేర్లున్నాయి. ఏది నిజమంటారు?"

పద్నాలుగో అధ్యాయం. చిదంబరం కిటికీలోంచి వెనక భవనం వైపు చూశాడు. దాని గుమ్మం ఎప్పటిలాగే మూసి ఉంది. కనుక్కుని చెబుతానన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "అడిగి చూడండి."

"ఎవర్ని సార్?"

"దాన్నే."

అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. పిల్లలెవరో ఏదో అరుచుకుంటున్నారు. మెట్ల మీద నుంచి డైరెక్టరు గారు దిగివస్తూ మలుపు దగ్గర నిలబడ్డారు. చిదంబరం చెవి దగ్గర ఫోనుంచుకుని చేత్తో ఆగమని సైగ చేశాడు. ఎందుకో ఏమిటో అడక్కుండా పరాంకుశం గారు కిటికీ ఊచ పట్టుకుని నిలబడిపోయారు. ఇద్దరూ అలా ఎదురుచూస్తుండగా, దూరంగా, వైరు అవతల ఎక్కడో, ఓ చిన్న మోటారు గుర్రుమని లేచింది.